ఎం.ఎస్.ఎఫ్.లో (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సేవా సంస్థ) నర్సుగా చేరాలనుంది, మన్యం వైపు పనిచేసినవాళ్లుంటే చెప్పండి

ఎటపాక_సిస్టర్:

అందరికీ నమస్కారం. మాది ఎటపాక మండలం, భద్రాచలం దాటగానే వస్తుంది. బీఎస్సీ నర్సింగ్ చేసి ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను. మేం కోయలం. ఇంట్లో నానమ్మతో ఇప్పటికీ కోయలోనే మాట్లాడతాను.

నా చిన్నప్పుడు చింతూరు రోడ్డు మీద ఎర్ర గీతల మనిషి బొమ్మ ఉన్న ఎం.ఎస్.ఎఫ్. తెల్ల బండ్లు వెళ్తుండేవి. అవి గుత్తికోయ గూడేలకి వైద్యానికి వెళ్తున్నాయని మా మామయ్య చెప్పేవాడు. నర్సింగులో చేరినప్పటి నుంచీ ఆ పని చేయాలని మనసులో ఉంది. నాన్నేమో "ఐసీయూ వదిలేసి అడవుల వెంట తిరుగుతావా, స్టాఫ్ నర్సు నోటిఫికేషన్ పడుతుంది, దానికి చదువుకో" అంటున్నాడు. అమ్మకి వేరే భయం. పోలీసులు, మావోయిస్టులు, రెండు వైపులా తుపాకులున్న చోటికి ఆడపిల్లని ఎలా పంపాలని.

అక్కడ నర్సు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తుంది? డాక్టరు పక్కన లేకుండా మందు ఇవ్వాల్సి వస్తుందా? మతం ప్రచారం ఏమైనా ఉంటుందేమోనని మా ఊళ్లో ఒకాయన అన్నాడు, అది నిజమేనా? సంస్థ వాళ్లు రాసుకున్నవి చదివాను. అందులో చేసిన మనిషి నోటి మాట కావాలి.

గోదారి_ఫార్మసిస్ట్:

మతం సంగతి ముందు చెప్తానమ్మా. వాళ్లకి ఏ మతంతోనూ సంబంధం లేదు. 1971లో పారిస్‌లో కొందరు డాక్టర్లు, జర్నలిస్టులు కలిసి పెట్టిన సంస్థ అది. నైజీరియాలో బయాఫ్రా యుద్ధం చూసి వచ్చినవాళ్లు కొందరు, 1970 తుపానుకి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో జనం పడ్డ అవస్థకి కదిలినవాళ్లు కొందరు. 1999లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన దేశంలో పని మొదలైంది కూడా ఆ ఏడాదే, ఒడిశా సూపర్ సైక్లోన్ అప్పుడు. డబ్బులో తొంభై శాతం పైగా మామూలు మనుషులు ఇచ్చే చందాలే. ఏ ప్రభుత్వం ముందూ చేయి చాపి నిలబడక్కర్లేదు కాబట్టే ఎవరూ పోని చోటికి పోగలుగుతున్నారు.

ఇంకోటి, ఇది జీతం లేని సేవ అని చాలామంది అనుకుంటారు. ఉద్యోగమే, జీతం ఉంటుంది. గల్ఫ్ ఆసుపత్రుల జీతాలతో మాత్రం పోల్చకు. ఫీల్డులో చేసినవాళ్లు ఎవరైనా వస్తే మిగతాది చెప్తారు.

కూనవరం_అక్క:

తల్లీ, నేను ఆ బండ్లలో తిరిగినదాన్నే. మాది కూనవరం, శబరి వచ్చి గోదారిలో కలిసే చోటు. జీఎన్ఎమ్ చేసి కొన్నాళ్లు ఆసుపత్రి డ్యూటీలు చేశాక మొబైల్ క్లినిక్ బృందంలో చేరాను. మేముండే మండలాలు ఖమ్మం జిల్లాలో ఉన్నప్పుడు చేరాను. 2014లో పోలవరం ముంపు పేరుతో వాటిని ఆంధ్రాలో కలిపాక కూడా చేశాను. పొడుగ్గా రాస్తున్నాను, డ్యూటీ లేనప్పుడు తీరిగ్గా చదువుకో.

ఆ పని ఎవరి కోసమో ముందు చెప్పాలి. నువ్వు ఆ వైపు పిల్లవే అయినా అప్పటికి చాలా చిన్నదానివి. 2005లో అవతల ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది, మావోయిస్టుల మీదికి సర్కారు అండతో నడిచిన సాయుధ దళం అది. బీజాపూర్, సుక్మా అప్పటికింకా ఆ జిల్లాలోనే ఉండేవి. ఊళ్లు తగలబడ్డాయి. కొందరిని రోడ్ల పక్కన క్యాంపుల్లో పెట్టారు, కొందరు అడవి లోపలికి పోయారు, వేల కుటుంబాలు ఇవతలికి నడిచొచ్చాయి. చింతూరు, చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, అటు ములుగు అడవుల దాకా ఎక్కడ కాస్త నీటి చెలమ ఉంటే అక్కడ గుడిసెలు వేసుకున్నారు. మనవాళ్లు వాళ్లని గుత్తికోయలంటారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మన బి. సుదర్శన్‌రెడ్డి గారు. తీర్పు వచ్చింది కానీ కాలిపోయిన ఊరికి తిరిగి పోయే ధైర్యం అందరికీ రాలేదు.

అవతల వాళ్లు గిరిజనులు. ఇవతలికొస్తే వాళ్ల చేతిలో ఎస్టీ కాగితం లేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న పోడుకే పట్టా. వీళ్లలో చాలామంది వచ్చిందే ఆ తేదీ అటూ ఇటూ. పట్టా లేదు, రేషన్ కార్డు లేదు, రిజర్వు ఫారెస్టులో గుడిసె కాబట్టి ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు. ఇలాంటి మనిషికి జ్వరం వస్తే ముప్ఫై కిలోమీటర్లు నడిచి ఆసుపత్రికొచ్చి, తెలియని భాషలో తన పేరు, ఊరు చెప్పుకుంటుందా? అదే జ్వరం ఫాల్సిపేరమ్ అనే ప్రాణాంతక రకం మలేరియా అయితే ఆలోచించుకోవడానికి కూడా టైము ఉండదు. అందుకే మేమే పోయేవాళ్లం.

ఇక రోజు సంగతి. తెల్లారేసరికి బండిలో సామాను ఎక్కాలి. మందుల ట్రంకు పెట్టెలు, ఐస్‌బాక్స్, మలేరియా కిట్లు, పిల్లల్ని తూచే త్రాసు, మడత బల్ల, టార్పాలిన్, తాగే నీళ్లు. ఏ పెట్టెలో ఏముందో చీటీ రాసి ఉంటుంది, సాయంత్రం మిగిలింది లెక్క చూడాలి. ఆ లెక్కలు మొదట్లో విసుగనిపిస్తాయి. నడి అడవిలో మూర్ఛలొస్తున్న పిల్లాడికి డయజిపామ్ కావాల్సొచ్చినప్పుడు, చీకట్లో చెయ్యి పెట్టినా ఆ పెట్టెలో ఆ మూలనే అది దొరికితే అప్పుడు తెలుస్తుంది ఆ చీటీ విలువ.

తారు రోడ్డు అయిపోయాక మట్టి బాట, అదీ అయిపోయాక నడక. పెట్టెలు భుజాన వేసుకుని వాగులు దాటాలి. చింతచెట్టో ఇప్పచెట్టో చూసుకుని కింద టార్పాలిన్ పరిస్తే అదే ఆసుపత్రి. మేం వచ్చే రోజు ముందే తెలుసు కాబట్టి జనం అప్పటికే కూర్చుని ఉంటారు. మొదటి పని వరసలో ఉన్నవాళ్లందరినీ ఒకసారి చూసి రావడం. ఎవరికి ఊపిరి ఆడటం లేదు, ఏ పిల్ల తల వేలాడేస్తోంది, ఏ గర్భిణి కాళ్లు వాచి ఉన్నాయి. వాళ్లని ముందుకు తేవాలి. ఇది నర్సు పనే. తలవాల్చిన పిల్లని వెనక వరసలో గుర్తించే కన్ను నీకు ఐసీయూలో వచ్చే ఉంటుంది.

జ్వరమని వచ్చిన ప్రతి ఒక్కరికీ వేలు గుచ్చి మలేరియా టెస్టు. కిట్టు మీద గీత తేలడానికి పావుగంట పైన పడుతుంది, ఈలోపు మిగతావాళ్లని చూస్తుంటాం. ఫాల్సిపేరమ్ అయితే ఆర్టిమిసినిన్ కలిసిన మాత్రలు మూడు రోజులకి. మొదటి డోసు మన ముందే మింగించాలి. పిల్ల కక్కేస్తే మళ్లీ ఇవ్వాలి, అందుకని కాసేపు కదలనివ్వం. వానలు పట్టాక అయితే గీత పడని కిట్లని చూసి సంతోషించే రోజులుంటాయి, అంత జ్వరాలు. మలేరియా కాక గజ్జి, దగ్గు, నిమ్ము, విరేచనాలు, రక్తం లేక పాలిపోయిన తల్లులు. ఆరు నెలలు దాటి ఐదేళ్ల లోపున్న ప్రతి బిడ్డ జబ్బకీ టేపు చుట్టి చూస్తాం. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే ఎర్ర రంగు దగ్గర ఆగుతుంది, అంటే తిండి చాలక బిడ్డ బాగా చిక్కిపోయిందని. ఆ బిడ్డ తల్లితో ఎక్కువసేపు మాట్లాడాలి, ఊరికే పొడి డబ్బా చేతిలో పెడితే సరిపోదు.

డాక్టరు లేకుండా మందు ఇవ్వాలా అని అడిగావు కదా. ఏ లక్షణానికి ఏం చూడాలి, ఏం ఇవ్వాలి, ఎప్పుడు పైకి పంపాలి అన్నది ప్రోటోకాల్ పుస్తకంలో వరసగా ఉంటుంది. దాని మీద శిక్షణ ఇచ్చాకే పంపుతారు. బృందంలో డాక్టరుంటాడు, కానీ ఆయన ఒక్కడే అందర్నీ చూడలేడు. ఆసుపత్రిలో "డాక్టరుగారు రానీ" అనే అలవాటు మనకి బాగా పట్టి ఉంటుంది. అక్కడ చూసి నిర్ణయం చెప్పాల్సింది నువ్వే. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే, నర్సు చదువు మొత్తం పనికొస్తుంది.

భాష సంగతి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నీ దగ్గరున్న ఆస్తి అదే. బృందంలో ఫ్రాన్సు నుంచో హాలెండు నుంచో వచ్చిన డాక్టరుంటాడు. ఆయన ఇంగ్లిషులో అడుగుతాడు, మేం తెలుగులోనో హిందీలోనో చెప్తాం, అనువాదం చేసే అబ్బాయి దాన్ని కోయలో అడుగుతాడు. జవాబు అదే దారిలో వెనక్కి రావాలి. ఆడమనిషి తన నెలసరి గురించీ కడుపు పోయిన సంగతీ ఇరవై ఏళ్ల కుర్రాడి ద్వారా చెప్తుందా? చెప్పదు. "కడుపు నొప్పి" అని ఊరుకుంటుంది. కోయ వచ్చిన ఆడ నర్సు పక్కకి తీసుకెళ్లి అడిగితే పది నిమిషాల్లో అసలు విషయం బయటికొస్తుంది. విదేశీ డిగ్రీలున్న డాక్టర్లు మాతో పనిచేశారు, చాలా మంచివాళ్లు, నేర్చుకున్నదంతా వాళ్ల దగ్గరే. కానీ ఆ చెట్టు కింద అందరికన్నా ఎక్కువ ఉపయోగపడింది కోయ తెలిసిన మనిషే. మీ నానమ్మతో మాట్లాడే మాటలు నీ సర్టిఫికెట్లతో సమానం, అర్జీలో మొదటి పేరాలోనే రాయి.

టీబీ రోగులు మమ్మల్ని ఎక్కువ కష్టపెట్టారు. ఆరు నెలల మందు. మలేరియా మూడు రోజుల్లో తగ్గుతుంది, నమ్మకం వస్తుంది. టీబీ మందు రెండు నెలలు వేసుకుంటే దగ్గు తగ్గుతుంది, ఇక ఎందుకు వేసుకోవాలని మానేస్తారు. దానికి తోడు పనుల కాలం. సంక్రాంతి దాటిందంటే మిర్చి ఏరడానికి గూడెం గూడెమే ఖాళీ అవుతుంది, ముసలివాళ్లు మాత్రం మిగులుతారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, ఆ వెనకే తునికాకు. కూలికి పోవద్దు, మందు కోసం ఉండు అని ఏ మొహంతో చెప్తాం? పోయేది ఏ ఊరో, ఏ రైతు కల్లంలో ఉంటారో కనుక్కుని, అన్ని రోజులకీ మందు లెక్కపెట్టి కట్టిచ్చి, ఇంట్లో ఒకరికి బాధ్యత అప్పజెప్పేవాళ్లం. తిరిగొచ్చాక ఖాళీ రేకులు చూపించమనేవాళ్లం. ఒకావిడ చీర కొంగున ముడి కట్టి మరీ తెచ్చింది, ఒక్క మాత్ర కూడా మిగలకుండా. ఆ రేకులు చూశాక వాగు దాటడం గురించి ఫిర్యాదు చేయబుద్ధి కాదు.

మీ అమ్మ భయం గురించి. బండి మీద తుపాకి బొమ్మకి అడ్డగీత కొట్టిన స్టిక్కరు చూశావా? అది ఒట్టి బొమ్మ కాదు. ఆయుధంతో ఎవరూ బండెక్కకూడదు, క్లినిక్‌లోకి రాకూడదు. యూనిఫాం ఉన్నవాళ్లైనా, లేనివాళ్లైనా. మేం ఎవరి రక్షణా అడగం, ఎవరి వెనకా పోం. ఏ రోజు ఏ గూడేనికి పోతామో దాచం. వచ్చిన రోగిని ఏం బాధ అని అడుగుతాం, ఎటువైపు మనిషివని అడగం. బృందంలో ఎవరూ చూసింది, విన్నది బయట చెప్పకూడదు. ఒక్కరు నోరు జారినా మరునాడు ఆ బాట మూసుకుపోతుంది, ఆ బాట వెంట ఉన్న పిల్లల జ్వరాలకి మందు పోదు. ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఇవాళ ఎక్కడికెళ్లావ్, ఎవరు కనపడ్డారు అంటే నవ్వి ఊరుకోవడం నేర్చుకోవాలి. నిన్ను నువ్వు ఇక్కడే పరీక్షించుకో. నీ ఇంట్లోవాళ్లకో బంధువులకో ఏదో ఒక వైపు నుంచి దెబ్బ తగిలి ఉండొచ్చు, మన వైపు అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. రేపు ఆ వైపు మనిషే జ్వరంతో నీ ముందు కూర్చుంటే వేలు గుచ్చి మాత్ర ఇవ్వగలవా? ఇవ్వగలననుకుంటే రా. యుద్ధంలో పడిపోయినవాడు ఎవరైనా సరే వైద్యం చేయాలన్న మాట 1949 జెనీవా ఒప్పందాల్లో ఉంది. కాగితం మీద అది చిన్న వాక్యమే.

ప్రమాదం లేదని నేను అనను. మందుపాతరల భయం ఉంది, కాల్పులు జరిగిన వారం ప్రయాణం ఆపేస్తారు. ఆపమన్నప్పుడు ఆగాలి, ఎంత బాధగా ఉన్నా. ఆ వారం గూడెంలో ఎవరికేమైందో అన్న ఆలోచనతో నిద్ర పట్టేది కాదు.

హన్మకొండ_రాజు:

అక్కా, మీరు చేసిన పనికి దండం. కానీ నా మనసులో మాట అడుగుతా. ఇది సర్కారు చేయాల్సిన పని కాదా? బయటి సంస్థ వచ్చి కొన్నేళ్లు చేసి పోతే తర్వాత ఆ గూడేల గతేంది? వీళ్లు చూసుకుంటున్నారు కదా అని పీహెచ్‌సీ వాళ్లు అటు పోవడమే మానేస్తే ఇంకా నష్టం కదా? నేను ములుగు వైపు టీచరుగా చేసిన. గుత్తికోయ పిల్లలని బడికి తేవడానికి తిరిగినోన్ని, అందుకే అడుగుతున్న.

సిక్కోలు_ల్యాబ్:

రాజు గారూ, దీనికి నేను బీహార్‌లో చూసింది చెప్తాను. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. వైశాలి జిల్లా హాజీపూర్ సదర్ ఆసుపత్రిలో ఎం.ఎస్.ఎఫ్. 2007 నుంచి కాలా ఆజార్‌కి వైద్యం చేసింది. ఇసక దోమ కుట్టడం వల్ల వచ్చే జబ్బది. మట్టి గోడల పగుళ్లలో, పశువుల పాకల్లో ఆ దోమ ఉంటుంది. వచ్చేది పేదలకే, అందులోనూ ముసహర్లలాంటి దళిత కులాలవాళ్లకి. వారాల తరబడి జ్వరం, ప్లీహం ఉబ్బి పొట్ట బానలా అవుతుంది, మనిషి కట్టెపుల్లలా అయిపోతాడు. వైద్యం లేకపోతే దాదాపు అందరూ చనిపోతారు.

పాత యాంటిమనీ ఇంజెక్షన్లు బీహార్‌లో పనిచేయడం మానేశాయి. తర్వాత వచ్చిన మిల్టెఫోసిన్ మాత్రలు 28 రోజులు మింగాలి. కూలి మనిషి మధ్యలో వదిలేస్తాడు. ఎం.ఎస్.ఎఫ్. వాళ్లు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ వాడారు, సెలైన్‌లా నరానికి ఎక్కించే మందు. ఖరీదైనది, చల్లగా దాచాలి, ఎండాకాలం బీహార్‌లో అది చిన్న సంగతి కాదు. పెద్ద ఆసుపత్రుల్లో తప్ప కుదరదన్నారు అందరూ. జిల్లా ఆసుపత్రిలో, తర్వాత పీహెచ్‌సీల్లో ఇచ్చి చూపించారు, పన్నెండు వేల మందికి పైగా. ఒకే రోజు, ఒకే డోసు ఇచ్చినా పనిచేస్తుందని తేలింది. 2014లో మన ప్రభుత్వమే ఆ ఒక్క డోసు పద్ధతిని మొదటి వైద్యంగా తీసుకుంది. 2015లో వాళ్లు వైశాలి పని ప్రభుత్వానికి అప్పగించి, హెచ్ఐవీతో కలిసి కాలా ఆజార్ వచ్చే రోగుల కోసం పట్నాకి మారారు.

వెళ్లిపోయేటప్పుడు వెనక ఏం మిగిల్చారన్నదే నేను చూసేది. అక్కడ మిగిలింది ఒక వైద్య విధానం. ఆ రక్త పరీక్ష చేయడం, మందు కలపడం నేర్చుకున్న సర్కారు నర్సులు, టెక్నీషియన్లు మిగిలారు.

కూనవరం_అక్క:

రాజూ, నువ్వన్నది ముమ్మాటికీ నిజం. చేయాల్సింది సర్కారే. నేను ఆ పని చేసినన్నాళ్లూ నా మనసులోనూ ఆ మాట ఉంది. అయితే మా వైపు పరిస్థితి బీహార్ లాంటిది కాదు. అక్కడ కొరవడింది సరైన మందు. ఇక్కడ మలేరియా మందు పీహెచ్‌సీలో ఉంది, అది తీసుకోవాల్సిన మనిషి మాత్రం ఏ లెక్కలోనూ లేడు. జనాభా లెక్కలో లేని గూడేనికి ఆశా కార్యకర్తని ఎవరు వేస్తారు? దోమతెరలు ఎన్ని కావాలని ఎవరు రాస్తారు?

మా రిజిస్టరు అందుకే ముఖ్యం. ఏ గూడెంలో ఎన్ని జ్వరాలు, ఎందరు గర్భిణులు అన్నది వారం వారం రాసేవాళ్లం. రోగుల పేర్లు ఎవరికీ ఇవ్వం, లెక్కలు మాత్రం ఆరోగ్య శాఖకి ఇచ్చేవాళ్లం. ఫలానా చోట ఇన్ని గుడిసెలున్నాయని కాగితం మీదికొచ్చాక ఏఎన్ఎమ్ రాకపోతే అడగడానికి ఆధారం దొరికింది. ప్రసవం కష్టమైతే భద్రాచలం ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లి, తోడు ఒక మనిషిని ఉంచేవాళ్లం. అలా రెండు మూడుసార్లు ఎవరైనా క్షేమంగా వెళ్లొస్తే గూడెంవాళ్లకి ఆ గేటు దాటే ధైర్యం వచ్చేది. తర్వాత మేం లేకుండా వాళ్లే వెళ్లారు. ఒక మంచి ఏఎన్ఎమ్ ఉన్న చోట మేం వెనక్కి తగ్గి, ఎవరూ పోని ఇంకో గూడేనికి జరిగేవాళ్లం.

కానీ ఒక మాట నిక్కచ్చిగా చెప్తా. పట్టా, కులం కాగితం, తాగునీరు ఏ వైద్య సంస్థా ఇవ్వలేదు. చెలమ నీళ్లు తాగే పిల్లలకి విరేచనాల మందు ఎన్నేళ్లని ఇస్తాం? అది ప్రభుత్వాలే తేల్చాలి, మూడు రాష్ట్రాలూ కూర్చుని తేల్చాలి. తేలేదాకా ఆ బిడ్డకి ఇవాళ వచ్చిన జ్వరానికి ఇవాళే మాత్ర ఇవ్వాలి కదయ్యా. రెండూ కావాలి.

ఎటపాక_సిస్టర్:

అక్కా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. మిర్చి ఏరే సంగతి వచ్చేసరికి "అవును, మన చేలోకి కూడా వాళ్లే వస్తారు" అన్నాడు. ఇంకేమీ అనలేదు, కానీ నోటిఫికేషన్ మాట ఎత్తలేదు. ఇంకో రెండు అడుగుతాను. చేరితే ముందు ఇక్కడే చేయాలా, విదేశాలకి పంపుతారా? ఐసీయూ అనుభవం ఒక్కటే సరిపోతుందా?

బెజవాడ_నుంచి_జూబా:

విదేశాల సంగతి నేను చెప్తానమ్మా, నేను దక్షిణ సూడాన్‌లో నర్సుగా చేశాను. రెండు రకాల ఉద్యోగాలుంటాయి. ఏ దేశంలో ప్రాజెక్టు ఉంటే ఆ దేశంలోనే తీసుకునేవాళ్లు ఒక రకం. సంస్థలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా వాళ్లే. దేశం దాటి వెళ్లేవాళ్లు రెండో రకం. దానికి చదువయ్యాక కనీసం రెండేళ్ల అనుభవం, తడుముకోని ఇంగ్లిషు కావాలి. ఫ్రెంచో అరబిక్కో వస్తే అవకాశాలు పెరుగుతాయి. మొదటిసారి తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా ఉండాలి, ఎక్కడికన్నది వాళ్ల అవసరాన్ని బట్టే ఉంటుంది.

అక్కడికెళ్తే నీ చేత్తో సూది వేయడం కన్నా పదిమంది స్థానిక నర్సులకి నేర్పడం, డ్యూటీలు వేయడం, మందుల ఆర్డరు పెట్టడం ఎక్కువ. అక్కడ బెంటియూలో ఇళ్లు వదిలొచ్చినవాళ్ల శిబిరంలో 2021 వరదల తర్వాత హెపటైటిస్ ఇ అనే కామెర్ల జబ్బు వ్యాపించింది. గర్భిణులకి అది ప్రాణాంతకం. 2022 మార్చిలో అక్కడ ప్రభుత్వంతో కలిసి ఎం.ఎస్.ఎఫ్. టీకాలు వేసింది, ఆ జబ్బు వ్యాపించినప్పుడు ఆ టీకా వాడటం ప్రపంచంలో అదే మొదటిసారి. అంత పెద్ద పనికి కావాల్సింది వరసలు, జాబితాలు, ఐస్ ప్యాకులు, రెండో డోసుకి మనిషిని వెతికి పట్టుకోవడం. అక్క చెప్పిన చెట్టు కింద పని చేసినవాళ్లకి ఇదంతా చేత్తో పెట్టిన విద్య.

ఒక హెచ్చరిక. ఈ సంస్థ పేరు చెప్పి ఉద్యోగమిప్పిస్తాం, వీసా ఫీజు కట్టండి అని మెసేజ్‌లు వస్తుంటాయి. ఎం.ఎస్.ఎఫ్. ఉద్యోగానికి ఎవరి దగ్గరా రూపాయి తీసుకోదు. ఖాళీలు వాళ్ల సొంత వెబ్‌సైటులోనే చూడు, మధ్యలో ఏ ఏజెంటునీ నమ్మకు.

కూనవరం_అక్క:

రెండో ప్రశ్నకి నేను చెప్తా. ఐసీయూ అనుభవం మంచిదే, కానీ అక్కడ మానిటర్ చూసి చెప్పే అలవాటవుతుంది. గూడెంలో మానిటర్ ఉండదు. బిడ్డ డొక్క ఎగరేయడం చూసి, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లో వాచీ పెట్టి లెక్కపెట్టి నిమ్మో కాదో చెప్పాలి. కనురెప్ప లాగి రక్తం ఉందో లేదో చూడాలి. కాబట్టి అర్జీ పెట్టేలోపు ఆరు నెలలైనా పిల్లల వార్డులోనో, కాన్పుల గదిలోనో డ్యూటీ అడిగి వేయించుకో. మలేరియా ఎక్కువ వచ్చే పీహెచ్‌సీలో కాంట్రాక్టు పోస్టు దొరికితే ఇంకా మేలు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి పెట్టుకో, చాలామందికి అక్కడే ఆలస్యమవుతుంది. పాస్‌పోర్టు లేకపోతే ఇప్పుడే పెట్టు.

కోయ విషయంలో ఒక సలహా. మనం ఇవతల మాట్లాడే కోయకీ, బీజాపూర్ వైపు నుంచి వచ్చినవాళ్ల మాటకీ తేడా ఉంటుంది. మీ చేలోకి మిర్చి ఏరడానికి వచ్చేవాళ్లలో పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఈసారి సెలవుకి వెళ్లినప్పుడు ఆవిడ దగ్గర కూర్చో. నొప్పి, చలిజ్వరం, కడుపుతో ఉండటం, పాలు పడకపోవడం ఎలా చెప్తారో అడిగి రాసుకో. ఇంటర్వ్యూలో నీ గురించి అడిగినప్పుడు ఆ నోటుపుస్తకం గురించి చెప్పు. మొదటిసారి రాకపోతే మళ్లీ పెట్టు. ఏ సందేహమున్నా ఇక్కడే రాయి, చూస్తూనే ఉంటాను.